యంత్రానికి అవతలి ముల్లంగి

తన భర్త ఓడిపోవడం మీద చిగుసాకు ఏ అభ్యంతరమూ లేదు. లోకంలో ఎవరో ఒకరు ఓడిపోవాలి, ఆ పని తనవంతుగా ఆయన చేసిపెడుతున్నాడు, మంచిదే. ఆమెకు ఒళ్ళు మండేదల్లా ఓడి ఇంటికొచ్చాక ఆయన చెప్పే కారణాలకే. ఒక వారం కుర్చీ ఎత్తు సరిపోలేదు. ఇంకో వారం బొత్తాం సందుల్లో ఎవరో ఒలకబోసిన తీపి నీళ్ళు జిగురుకట్టాయి. మొన్నటి శనివారమైతే సరిగ్గా కీలకమైన సమయంలో వెనక ఎవరో తుమ్మారట. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మొరిహికో నోటి వెంట "తప్పు నాదే" అన్న మాట ఎప్పుడైనా వచ్చిందా అని ఆమె గుర్తు తెచ్చుకోబోయింది. ఈలోగా పొయ్యి మీద చేప మాడింది, ఆ ప్రయత్నం అంతటితో ఆగింది.

మొరిహికోకు యాభై దగ్గరపడ్డాయి. అమగసాకి నగరపాలక సంస్థలో నీటి విభాగం ఉద్యోగం. శనివారం వచ్చిందంటే స్టేషన్ పక్కనున్న ఆటల హాలులో, కాలేజీ రోజుల నుంచీ ఆడుతున్న 'గాలివాన యోధులు' అనే కొట్లాట ఆట ముందు తేలతాడు. ఆ హాలులో యంత్రాలు వీపుకు వీపు ఆనించి ఉంటాయి. ఇటు ఒకరు, అటు ఒకరు కూర్చుని ఒకే ఆటలో తన్నుకుంటారు. తెర మీద ఎదుటివాడు పెట్టుకున్న పేరు కనిపిస్తుందేగాని మనిషి కనిపించడు. గెలిచినా ఓడినా అటు తిరిగి వెళ్ళి అవతల ఎవరున్నారా అని తొంగిచూడకూడదు. అది ఊరి స్నానాలశాలలో పక్కవాళ్ళను తేరిపార చూడడంలాంటిది, పరువుగల వాళ్ళెవరూ చెయ్యరు. వసంతకాలం నుంచీ మొరిహికోను వారం వారం చితకబాదుతున్న ఆ అవతలి శాల్తీ పేరు 'ముల్లంగి'.

ఆ శనివారం పొద్దున చిగుసా పెట్టుకున్న పనులు రెండే. ఎండ బాగుంది కాబట్టి పరుపులు బాల్కనీ కమ్మీ మీద ఆరెయ్యాలి. తర్వాత అరిమా వేడినీటి ఊటల దగ్గరున్న సత్రానికి ఫోన్ చేసి ఇద్దరికి గది చెప్పాలి.

"ఏమండీ, నెలాఖరు ఆదివారం ఖాయమేనా? గది చెప్పేస్తున్నాను."

మొరిహికో మిసో పులుసు గిన్నెలోకి చూస్తూ నసిగాడు. "ఆ ముందురోజే మా యంత్రాన్ని తీసేస్తున్నారు చిగుసా. పాతబడిపోయిందట. ఆలోగా ముల్లంగిని ఒక్కసారైనా ఓడించకపోతే, ఏ వేడినీళ్ళలో ముంచినా నా ఒళ్ళు వెచ్చబడదు."

"వసంతంలో మోకాలన్నారు. వానాకాలంలో వానన్నారు. ఇప్పుడు ముల్లంగా?"

"ఒక్కసారి గెలవనీ. మర్నాడే బయల్దేరదాం. ఒట్టు."

"గెలవకపోతే?"

మొరిహికో పులుసు తాగడంలో మునిగిపోయాడు.

అత్తగారు ఇత్సుకో వంటింటి మూల తవుడు ఊరగాయ కుండలో మోచేతి దాకా చెయ్యిపెట్టి కలుపుతోంది. రోజూ అడుగు నుంచి పైకి కలపకపోతే ఆ తవుడు పాడైపోతుంది. జ్వరమొచ్చినా ఆవిడ ఆ పని మానలేదు. "బట్టతల వచ్చింది, ఇంకా ఆ గుద్దులాటలేంట్రా? సిగ్గుండాలి," అని చెయ్యి కడుక్కుంది. "నాకు నడుం వైద్యానికి వేళవుతోంది, వస్తా." ఊదారంగు గుడ్డ చుట్టిన పిడి ఉన్న తన గొడుగు తీసుకుని వెళ్ళిపోయింది.

చిగుసా పరుపులు దులుపుతూ ఒక నిర్ణయానికి వచ్చింది. ఈ మనిషి గెలిస్తేగాని అరిమా లేదంటే, ఈ మనిషిని గెలిపించాల్సిందే. పెళ్ళికి ముందు ఆమె పూసల చట్రం మీద లెక్కలు నేర్పే బడిలో పాఠాలు చెప్పింది. వేళ్ళతో చేసే పనేదైనా ఒకే రకంగా వస్తుందని ఆమె నమ్మకం.

ఆ సాయంత్రం మొరిహికో ఇంట్లో టీవీ ముందు, మీటా బొత్తాలూ ఉన్న చెక్కపెట్టె ఒళ్ళో పెట్టుకుని అదే ఆట ఆడుతుంటే, చిగుసా వెనక కూర్చుని చూసింది. చూసినకొద్దీ ఆమెకు కోపం పెరిగింది. ఆయన ఆడడం లేదు, ఒకే ఓటమిని మళ్ళీ మళ్ళీ కాపీ కొడుతున్నాడు. కంగారుపడితే చాలు ఆయన కత్తివీరుడు గాల్లోకి దూకుతాడు. గాల్లోకి లేచినవాడు దారి మార్చుకోలేడు. కిందున్నవాడు తీరిగ్గా కాలెత్తి తంతే సరిపోతుంది.

"ఎందుకు దూకారు?"

"అలవాటు."

"ఇవాళంతా ఒక్క గుద్దు గుద్దకూడదు. వచ్చిన దెబ్బల్నే కాసుకోండి."

"కొట్లాట ఆటలో కొట్టొద్దంటావేంటి! అన్నం ముందు పెట్టి తినొద్దన్నట్టుంది!"

"మా బడిలో కూడిక రాని పిల్లాడికి గుణకారం చెప్పేవాళ్ళం కాదు. కాసుకోండి."

ఆ రాత్రి నుంచి భోజనం అయ్యాక పాఠం మొదలయ్యేది. వరసగా నాలుగు దెబ్బలు కలిపికొట్టే ఆ విద్యను మొదట నత్తనడకన చేయించింది, తప్పు పోయాకే వేగం పెంచనిచ్చింది. ఎడమవైపు నిలబడితే వచ్చే విద్య కుడివైపు నిలబడితే రావడం లేదని కనిపెట్టి, "ఏం, ఎదుటివాడు మీ వీలు చూసుకుని నిలబడతాడా?" అని రెండువైపులా సాధన చేయించింది. ఒక సాయంత్రానికి ఒకటే తప్పు దిద్దాలి, రెండోది రేపటికి. అన్నిటికన్నా పెద్ద నియమం ఒకటుంది. ఓడిన ప్రతిసారీ ఎందుకు ఓడాడో ఆయన ఒక్క వాక్యంలో చెప్పాలి, ఆ వాక్యంలో కుర్చీ, బొత్తాం, తుమ్ము ఉండకూడదు.

మొరిహికో నోరు తెరిచి చాలాసేపు ఆలోచించి, "అలాగైతే వాక్యమే రావట్లేదు," అన్నాడు.

అత్తగారు పక్కనే టీ తాగుతూ కూర్చునేది. "పాపం, బిడ్డను చంపుతున్నావు," అని కోడల్ని దెప్పుతూనే మధ్యమధ్యలో, "అదేంటమ్మాయ్, మళ్ళీ చెప్పు. దూకినవాణ్ణి ఏం చెయ్యాలన్నావు? ముందే తన్నాలా, కిందికి దిగాక తన్నాలా?" అని అమాయకంగా అడిగేది. పాఠం మీద ఇంట్లో ఒకరికైనా ఆసక్తి ఉందని చిగుసా సంతోషంగా విడమరిచి చెప్పేది.

మరుసటి శనివారం మొరిహికో మొహం వేలాడేసుకుని వచ్చాడు. "నేను బాగానే కాసుకున్నాను చిగుసా. వాడూ కాసుకుంటున్నాడు! పోయిన వారం దాకా వాడికి కాసుకోవడమే రాదు!"

ఆ పై వారం నాలుగు దెబ్బల విద్య రెండువైపులా వచ్చాక వెళ్ళాడు. ముల్లంగికీ రెండువైపులా వచ్చేసింది. మొరిహికో చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడి భార్యను అదోలా చూశాడు.

"మన పాఠాలు నీకూ నాకూ తప్ప ఎవరికీ తెలీవు. నేనైతే ఎవరికీ చెప్పలేదు."

చిగుసా చేతిలో గరిట ఆగిపోయింది. "అంటే? నేను చెప్పానా? మీ తప్పులు ఊరంతా చాటుకోవడానికి నాకు తీరికేదీ, వాటిని దిద్దడానికే పొద్దు చాలట్లేదు!"

"నువ్వనడం లేదు. ఇంట్లో గూఢచారి ఉన్నాడంటున్నానంతే."

"ఇంట్లో ఉన్నది మనిద్దరమూ, అత్తయ్యానూ!"

"అందుకే మరి," అన్నాడు మొరిహికో. ఇత్సుకో తలొంచుకుని పండు తొక్క తీసుకుంటూ, భార్యాభర్తల గొడవల్లో తను కలగజేసుకోనంది.

ఆ అవమానంతో చిగుసా పాఠాలు ఇంకా గట్టిగా చెప్పింది, గొంతూ పెంచింది. మూడో అంతస్తు బాల్కనీ తలుపులు తెరిచి ఉండగా, రోజూ సాయంత్రం ఆ వరసలో అన్ని ఇళ్ళకూ వినపడేలా, "దూకొద్దు! దూకొద్దన్నానా! అయ్యో, మళ్ళీ దూకబోయారు!" అని అరుపులు. ఒకనాటి సాయంత్రం పరుపు దులపడానికి బాల్కనీలోకి వచ్చిన మొరిహికో కిందికి చూసి తెల్లబోయాడు. కింద గడ్డిలో పరుపులు పరిచి ఉన్నాయి. నివాసుల సంఘం అధ్యక్షుడు సుగానుమా, ఆయన భార్య, ఇంకో నలుగురు దుప్పటి అంచులు పట్టుకుని పైకి చూస్తున్నారు.

"మొరిహికో గారూ! జీవితమన్నాక అన్నీ ఉంటాయి! మెల్లగా లోపలికి వెళ్ళండి!"

చిగుసా మెట్లు దిగి వెళ్ళి, అది టీవీలో ఆట అనీ, దూకేది బొమ్మ అనీ వివరించింది. సుగానుమా కళ్ళు చెమర్చాయి. "అర్థమైందమ్మా. ఇంటి సంగతి బయటపడకూడదని మీ తాపత్రయం. మేం ఎవరికీ చెప్పం." చెప్పనన్నవాడు నేరుగా నీటి విభాగానికి ఫోన్ చేశాడు. విభాగాధిపతి ఆ సాయంత్రమే మొరిహికోకు ఫోన్ చేసి, "పైపులెక్కడికీ పోవు. నెలాఖరు దాకా సెలవు తీసుకోండి. మీ మనసు ఎక్కడ కుదుటపడుతుందో అక్కడికి వెళ్ళి హాయిగా గడపండి," అని ఆజ్ఞ వేశాడు.

మొరిహికో మనసు ఎక్కడ కుదుటపడుతుందో చెప్పక్కర్లేదు. మర్నాటి నుంచి రోజూ ఆటల హాలే.

చిత్రంగా, మర్నాటి నుంచి ఇత్సుకో నడుం కూడా రోజూ నొప్పెట్టడం మొదలెట్టింది. పొద్దున కొడుకు అటు వెళ్ళగానే ఆవిడ గొడుగు తీసుకుని వైద్యానికి బయల్దేరేది. మొగుడి మీద కోపమున్నా, చిగుసాకు అత్తగారి మీద బెంగపట్టుకుంది. ఒకనాడు అన్నం డబ్బా కట్టుకుని నడుం వైద్యశాలకు వెళ్ళింది.

"ఇత్సుకో గారా?" అంది బల్ల దగ్గరి అమ్మాయి. "ఆవిడ వసంతకాలం తర్వాత రానేలేదండీ. నడుం పూర్తిగా బాగైంది. వెళ్తూ వెళ్తూ మాకందరికీ ముల్లంగి ఊరగాయ కూడా ఇచ్చారు. ఎంత బాగుందో!"

చిగుసా అన్నం డబ్బా పట్టుకుని వీధిలోకి వచ్చింది. నాలుగు అడుగులు వేసిందో లేదో, ఆటల హాలు గుమ్మంలో గొడుగుల తొట్టి కనిపించింది. అందులో ఊదారంగు గుడ్డ చుట్టిన పిడి.

హాలు లోపల ఒకటే మోత. ఇటువైపు కుర్చీలో మొరిహికో వీపు కనిపించింది, ఎప్పటిలాగే ఓడిపోతున్న వీపు. అటు తిరిగి చూడకూడదన్న నియమం చిగుసాకూ తెలుసు. ఆ నియమం పెట్టినవాళ్ళకు ఇలాంటి అత్తగారు ఉండి ఉండరనుకుని, చరచరా యంత్రం చుట్టూ తిరిగి అవతలికి వెళ్ళింది.

"పక్కకు జరుగమ్మాయ్," అంది ఇత్సుకో, తెర మీంచి చూపు తిప్పకుండా. "నీ నీడ పడుతోంది."

"అత్తయ్యా! మీరా!"

"మెల్లగా. వాడికి వినపడుతుంది." మీట మీద చేతిరుమాలు వేసి పట్టుకుంది. కుండ కలిపిన మణికట్టు, ఎక్కడా తొట్రుపాటు లేదు. "ఒకనాడు వానొస్తే ఇందులోకొచ్చి కూర్చున్నా. ఏదో బొత్తాం నొక్కా. అవతల్నుంచి ఒక మూలుగు వినిపించింది. చిన్నప్పుడు స్నానం నీళ్ళు వేడెక్కువైతే మూలిగేవాడే, అదే మూలుగు. ఇంకెవరు? నా కొడుకే."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే కూర్చుంటాడా? ఇంట్లో వాడు నాతో అనే మాటలు మూడు. అన్నం, స్నానం, పడుకుంటా. ఇక్కడైతే గంటసేపు నా గురించే ఆలోచిస్తాడు. తిడుతూనే అనుకో." అవతల మొరిహికో కత్తివీరుడు గాల్లోకి లేచాడు. ఇత్సుకో బొమ్మ తీరిగ్గా కాలెత్తింది. "నీ పాఠాలు మాత్రం అద్భుతం అమ్మాయ్. వాడికి చెప్పావు, నాకు ఎక్కాయి."

మొగుడి దగ్గర గూఢచారినన్న నింద తను మోసింది, గూఢచారికి టీ కాచిచ్చిందీ తనే. "అత్తయ్యా, ఆఖరి రోజు ఒక్కసారి ఓడిపోండి. నా అరిమా ఉంది."

ఇత్సుకో మొదటిసారి తెర మీంచి తల తిప్పింది. ఆ క్షణంలోనే ఒక దెబ్బ తింది కూడా. "కావాలనా? నన్ను కొట్టు, తిట్టు, అంతేగాని ఆ మాటనకు! ఉత్తుత్తిగా ఓడితే వాడికి తెలిసిపోదూ? కాలేజీ నుంచీ ఆడుతున్నాడు. తెలిస్తే సిగ్గుతో ఇంకెప్పుడూ నా ఎదుట కూర్చోడు. గెలవాలనుంటే గెలవమను!"

"గెలిపిస్తా," అంది చిగుసా పళ్ళు బిగించి. అన్నం డబ్బా మాత్రం అత్తగారి పక్కన పెట్టి వచ్చింది.

అత్తగారి రహస్యం ఆమె బయటపెట్టలేదు. ఇంట్లో గూఢచారి ఉన్నాడన్నారుగా అంటూ మొగుణ్ణి ముకో నది గట్టుకు లాక్కుపోయింది. అక్కడ తెర లేదు, ఆట లేదు. ఒళ్ళో చెక్కపెట్టె పెట్టుకుని మొరిహికో, ఎదురుగా గొడుగుతో చిగుసా. గొడుగు పైకెత్తితే పైదెబ్బ, దించితే కాలిదెబ్బ, ముందుకు పొడిస్తే ఊరికే ఆగాలి. ఆగడమే ఆయనకు చచ్చేంత కష్టం. గొడుగు పొడిచినప్పుడల్లా ఆయన బొటనవేలు మీటను పైకి తోసేది.

"దూకొద్దు!" అని చిగుసా అరిచిన అరుపుకు వెనకనుంచి ఎవరో పరుగెత్తుకొచ్చి మొరిహికోను నడుం పట్టుకుని గడ్డిలో పడేశారు. సుగానుమా. కుక్కను తిప్పడానికి వచ్చాడట.

"నీళ్ళ విభాగంలో పనిచేసేవాడు ఆ నీళ్ళల్లోకే దూకడమేంటండీ!" అని ఏడ్చేశాడు. పెట్టె చూపించారు, గొడుగు చూపించారు, ప్రయోజనం లేదు. ఆ రోజు నుంచి సంఘం వాళ్ళు వంతులవారీగా మొరిహికో వెంటే తిరిగారు. చిగుసా లెక్కలు చెప్పిన బడిలో ఇంత మొద్దు విద్యార్థీ లేడు, ఇంత పెద్ద తరగతీ లేదు.

ఆఖరి శనివారం వచ్చింది. హాలు యజమాని ఆ పాత యంత్రం నెత్తిన రెండు చేమంతులు పెట్టాడు. మొరిహికో ఇవతల కూర్చున్నాడు. వెనక చిగుసా, ఆమె వెనక సుగానుమా దంపతులూ సంఘం వాళ్ళూ. అవతల ముల్లంగి సిద్ధంగా ఉంది. తెర మీద పేరు మెరిసింది.

మొదటి విడత ముల్లంగి గెలిచింది. రెండోది మొరిహికో గెలిచాడు. అవతల్నుంచి చిన్న దగ్గు వినిపించింది. చిగుసాకు ఆ దగ్గు తెలుసు, కోపమొచ్చినప్పటి దగ్గు.

మూడో విడతలో మొరిహికో ఎన్నడూ చెయ్యని పని చేశాడు. ఆగాడు. కాసుకున్నాడు. ముల్లంగి కూడా ఆగింది. ఇద్దరూ ఒక గురువు దగ్గర చదివినవాళ్ళే కాబట్టి, ఎవరూ కదలరు. ఉన్నట్టుండి ఒక దెబ్బ, వెంటనే కాపు, మళ్ళీ నిశ్శబ్దం. గడియారం కరుగుతోంది. తెర పైన మిగిలిన ప్రాణాన్ని చూపించే గీతల్లో మొరిహికోది ముల్లంగి గీత కంటే వెంట్రుకవాసి పొడుగ్గా ఉంది. ఇంకేమీ చెయ్యక్కర్లేదు, సమయం అయిపోయేదాకా ఊరికే నిలబడితే చాలు. చిగుసాకు వేడినీటి ఆవిరి మొహానికి తగిలినట్టే ఉంది.

సుగానుమా నోరు తెరుచుకుని తెరవైపు చూస్తున్నాడు. ఇన్నాళ్ళకు ఆయనకు విషయం అర్థమైంది. ఆ కత్తి పట్టుకున్నవాడే మొరిహికో. వాడు దూకకూడదు. ఆనందం పట్టలేక గొంతు చించుకుని అరిచాడు.

"దూకొద్దు మొరిహికో గారూ!"

మొరిహికో ఉలిక్కిపడ్డాడు. బొటనవేలు మీటను పైకి తోసింది. కత్తివీరుడు గాల్లోకి లేచాడు. అవతల ఒక కాలు తీరిగ్గా పైకి వచ్చింది.

సుగానుమా నేలకు తల ఆనేలా వంగి, "నావల్లే! నావల్లే!" అంటున్నాడు. ఇన్నేళ్ళ ఓటముల చరిత్రలో మొరిహికోకు ఇంత నికార్సయిన కారణం ఎప్పుడూ దొరకలేదు. చుట్టూ సాక్షులున్నారు, నేరస్థుడే ఒప్పుకుంటున్నాడు. ఇంక అరిమా సంగతి అంతేననుకుని చిగుసా కళ్ళు మూసుకుంది.

మొరిహికో తెర వంక చూస్తూ కూర్చుండిపోయాడు. తర్వాత నోరు తెరిచాడు, చాలాసేపు ఆలోచించాడు.

"కాదండీ," అన్నాడు చివరికి. "ఎవరరిచినా దూకింది నేనే. తప్పు నాదే."

యంత్రానికి అవతల్నుంచి ఒక గొంతు లేచింది. "ఇక్కడ మోతగా ఉంది. సరిగ్గా వినపడలేదు. ఇంకోసారి చెప్పు."

"తప్పు నాదే," అన్నాడు మొరిహికో గట్టిగా. అని, ఆ గొంతు గుర్తుపట్టి, కుర్చీలోంచి మెల్లగా లేచాడు. "...అమ్మా?"

చేమంతుల మీదుగా ఇత్సుకో తల కనిపించింది. "ఇంట్లో చెప్తే వినవుగా," అంది.

కొడుకు ఆమెను ఎగాదిగా చూశాడు. కోప్పడతాడేమోనని చిగుసా ముందుకు వచ్చింది. ఆయన మాత్రం, "ఆ కాలి తన్ను... ఎప్పుడు తన్నాలో నీకు ముందే ఎలా తెలుస్తోందమ్మా?" అని అడిగాడు. ఇత్సుకో చేతిరుమాలు మడిచి సంచిలో పెట్టుకుంటూ, అదంత తొందరగా చెప్పే విషయం కాదంది. రేపు నువ్వూ మాతో అరిమాకు రా, దారిలో చెప్పు, ఊటలో కూర్చుని చెప్పు అని వెంటపడ్డాడు మొరిహికో. తల్లీకొడుకులు హాలు దాటి ఇంటి దాకా అదే మాట్లాడుకుంటూ నడిచారు. వెనక అత్తగారి గొడుగు, అన్నం డబ్బా మోసుకుంటూ చిగుసా నడిచింది.

ఇంటికి రాగానే అరిమా సత్రానికి ఫోన్ చేసి, ఇద్దరి గదిలో అత్తగారికి మూడో పరుపు కూడా వెయ్యమనీ, వీలైతే దాన్ని మిగతా రెంటికీ మధ్యన వెయ్యమనీ చెప్పింది.